ఐదో గుండె

వార్డులో ఉన్న నలుగురు తల్లుల కడుపుల్లో నాలుగు గుండెలూ ఒకే క్షణంలో తడబడ్డాయని కనిపెట్టగానే లెఫ్టినెంట్ దుంపల హైమావతి చేతిలోని చెక్క గొట్టం జారి కిందపడింది.

ముందు చెవికి తెలిసింది. మొదటి మంచం మీది సిపాయి భార్య పొట్టకి గొట్టం ఆనించి వింటోంది. లోపల బిడ్డ గుండె మేకపిల్ల గెంతినట్టు టకటకా కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి ఆగింది. ఒక దెబ్బ లేదు. రెండో దెబ్బా లేదు. మూడోది ఆలస్యంగా, బరువుగా పడింది. ఆ వెంటనే ఏమీ జరగనట్టు మళ్ళీ పరుగు. హైమ తలెత్తి గోడ మీది తెరల వంక చూసింది. నాలుగు ఆకుపచ్చ గీతల్లోనూ ఒకే చోట ఒకే గుంట.

ఒకావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. ఒకావిడ నారింజ వలుచుకుంటోంది. ఇంకొకావిడ సన్నగా గుర్రు పెడుతోంది. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ నలుగురి నడుములకీ మెత్తటి బూడిదరంగు పట్టీలున్నాయి. ఆ కొండల మీది సైనిక ఆసుపత్రికి పేరు తెచ్చినవి అవే. అంత ఎత్తున గాలి పలచన. కడుపులో పిల్లల గుండెలు అలిసిపోయి ఆగిపోయేవి. పక్కనే ప్రయోగశాల నడిపే మేజర్ టండన్ ఈ పట్టీ తయారుచేశాడు. అది బిడ్డ గుండెని వింటుంది. గుండె మందగిస్తే, అమ్మ వీపు మీద జో కొట్టినట్టు, బయటినుంచి సన్నగా తడుతుంది. ఏ బిడ్డ లయ ఆ బిడ్డదే. కాగితాల మీద దానికి బారెడు పేరుంది. హైమ మాత్రం 'జోపట్టీ' అనేది. ఆ పట్టీలు వచ్చాక ఆ ఆసుపత్రిలో ఒక్క పసిగుండె కూడా ఆగలేదు.

పోయిన వారం వరకు. పోయిన వారం గుర్మీత్ అనే ఆవిడ, నాయక్ హోదాలో ఉన్న ఒక సైనికుడి భార్య, ఏ లోపమూ లేని బిడ్డని కడుపులోనే పోగొట్టుకుంది. బిడ్డ ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పలేకపోయారా, చెప్పలేదా? ఇప్పుడు హైమకి ఆ అనుమానం మొదలైంది.

"నువ్వు విన్నావా, చూశావా?" అని అడిగింది మేట్రన్, మేజర్ ఏలియమ్మ. చెవి ముందు, తెర తర్వాత అన్నది ఆవిడ వార్డులో చట్టం. కొత్తగా వచ్చిన ప్రతి నర్సు చేతిలోనూ ముందు ఆ చెక్క గొట్టమే పెట్టేది.

"విన్నాను మేడమ్. తర్వాతే చూశాను."

"అయితే కర్నల్ గారి దగ్గరికి పద."

కాన్పుల విభాగం పెద్ద కర్నల్ చావలి. రాజమండ్రి మనిషి. తెలుగు పిల్ల దొరికిందని హైమని మొదటిరోజు నుంచీ 'అమ్మాయ్' అనే పిలుస్తాడు. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కరెంటు ఒడుదొడుకు అయ్యుంటుంది అమ్మాయ్. తెరలన్నీ ఒకే లైను మీద ఉన్నాయిగా."

"నేను విన్నది చెక్క గొట్టంతో సార్. చెక్కకి కరెంటు ఉండదు."

కర్నల్ తుడవడం ఆపాడు. కిటికీ బయట మంచు పట్టిన దేవదారుల వంక కాసేపు చూశాడు. తర్వాత, సంబంధం లేకుండా, "మీ అక్కయ్య ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది సార్. ఎందుకూ?"

"ఊరికే. సోమవారం ఢిల్లీ నుంచి పరిశీలన బృందం వస్తోంది. అప్పటిదాకా ఈ మాట బయటికి పొక్కనీకు."

నలుగురు బిడ్డల గుండెలు తడబడ్డాయంటే ఈయన అక్క గురించి ఎందుకు అడిగాడు? మెట్లు దిగుతున్నంతసేపూ ఆ ప్రశ్న హైమ మెడ మీద చీమలా పాకుతూనే ఉంది.

*

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. హైమ అక్క మంగవేణికి పుట్టిల్లు లేదు.

ఉద్దానంలో జీడితోటల మధ్య ఒకప్పుడు ఉండేది. పెద్ద తుఫాను వచ్చిన రోజున చెట్లు కూలి దారులన్నీ మూసుకుపోతే, మూడో కాన్పుకి నొప్పులు పడుతూ వాళ్ళ అమ్మ ఆ ఇంట్లోనే పోయింది. బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత హైమకి తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, నర్సింగు కాలేజీకి బస్సెక్కించింది, అన్నీ అక్కే. సైన్యంలో నర్సుగా చేరతానంటే ఊళ్ళో అందరూ నవ్వారు. తుపాకులున్న చోట ఉయ్యాలతో పనేటే అన్నారు. ఎంపికలో కూర్చున్న అధికారి కూడా అదే అడిగాడు, కాస్త మర్యాదగా: యుద్ధంలో కాన్పులు ఎక్కడుంటాయమ్మా? "దారి మూసుకుపోయిన చోటికి వెళ్ళగలిగేది సైన్యం ఒక్కటే సార్. కాన్పు దారి తెరిచేదాకా ఆగదు" అంది హైమ. ఆ జవాబుకే ఉద్యోగం వచ్చిందని అక్క ఇప్పటికీ అందరితో చెబుతుంది.

అందుకే నెలలు నిండుతుంటే మంగవేణి "నువ్వెక్కడుంటే అదే నా పుట్టిల్లు" అని ఈ కొండెక్కి వచ్చేసింది. ఆమె భర్త హవల్దార్ సింహాద్రి సిగ్నల్స్ దళంలో, ఇంకా పైన మంచు చౌకీల్లో పనిచేస్తాడు. సెలవు పెట్టి దిగొచ్చాడు. ఊరికే కూర్చోలేని మనిషి. మేట్రన్ గదిలో హీటరు, క్యాంటీన్లో రేడియో, వార్డులో మసకబారే తెరలు, పాడైంది కనిపిస్తే చాలు స్క్రూడ్రైవర్ పట్టుకుని తయారు. రోడ్డు మీద ఎదురైతే, హైమ ఆఫీసరు కాబట్టి, మడమలు తాటించి సెల్యూట్ కొడతాడు. గుమ్మం దాటితే మాత్రం బావే. ఆ రోజు హైమ ఇంట్లోకి అడుగుపెట్టగానే అందుకున్నాడు.

"ఏటి మరదలు పిల్లా, మీ ఆఫీసర్లు టీ మామూలుగా తాగుతారేటి, లేపోతే అది కూడా అటెన్షన్‌లో నిలబడాలేటి?"

"నిలబడాలి. ముందు మీరు పాలు తెండి బావా."

"ఆర్డరా?"

"ఆర్డరే."

"సూడవే మంగా, మీ చెల్లి నాకు ఆర్డర్లేస్తంది!" అని నవ్వుతూ పాలక్యాను పట్టుకుని వెళ్ళాడు. నవ్వాడు గానీ, గుమ్మం దగ్గర ఆగి భార్య నడుముకున్న పట్టీ వంక ఒకసారి చూసి వెళ్ళాడు. హైమ దాన్ని ప్రేమ అనుకుంది.

"పడుకోవే అక్కా, ఒకసారి వింటాను."

"పొద్దున్నే కదే విన్నావు. నీ డ్యూటీ ఇంటికి కూడా తెచ్చీసినావేటి?"

గొట్టం ఆనించింది. టకటకా టకటకా. హమ్మయ్య అనుకునేలోగా ఆగింది. ఒక దెబ్బ లేదు. రెండో దెబ్బా లేదు. బరువుగా మూడోది.

ఈ ఇంటికీ వార్డుకీ మధ్య రోడ్డుంది, గోడలున్నాయి. ఈ కరెంటు లైను వేరు. ఫోను తీసి మేట్రన్‌కి కలిపింది.

"మేడమ్, తెరల ముందు నిలబడండి. గీతలు తడబడగానే 'ఇప్పుడు' అనండి. ఇంకేం అడక్కండి."

ఒక చెవికి ఫోను, ఒక చెవికి గొట్టం. అక్క విడ్డూరంగా చూస్తోంది. లోపల గుండె పరుగు. పరుగు. ఆగింది.

"ఇప్పుడు!" అంది ఫోనులో ఏలియమ్మ.

మళ్ళీ పరుగు. మళ్ళీ ఆగింది.

"ఇప్పుడు! ... ఎక్కడున్నావు నువ్వు? ఏం వింటున్నావు?"

అంటే నాలుగు కాదు, ఐదు. ఐదో గుండె ఇక్కడుంది. హైమకి ఇంకొకటి కూడా అర్థమైంది, అది అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. ప్రతిసారీ ముందు ఇక్కడ ఆగుతోంది. రెప్పపాటు తర్వాతే అక్కడ. ఆ నాలుగింటినీ లాగుతున్నది ఇదే.

"మా అక్క దగ్గర మేడమ్. ఇక్కడా అంతే" అంది. ముందూ వెనకా మాట చెప్పలేదు.

"లెఫ్టినెంట్, ఆ పట్టీ మీ అక్కకి కట్టిందెవరు?"

"నేనే."

"ఊఁ" అంది మేట్రన్. ఆ ఒక్క ఊఁకారం తూకం వేస్తున్నట్టుంది. ఇంతసేపూ కర్నల్‌నీ మేజర్‌నీ అనుమానిస్తూ వచ్చిన హైమకి, తనని కూడా ఒకరు అనుమానించవచ్చని అప్పుడు తట్టింది.

"ఏటైందే? సెప్పవేటి?" అంది మంగవేణి లేచి కూర్చుంటూ.

"ఏం లేదక్కా. సిగ్నల్ చూస్తన్నాం."

అక్కతో అబద్ధం చెప్పడం హైమకి అదే మొదటిసారి.

*

ప్రయోగశాలలో మేజర్ టండన్ బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు. గుర్మీత్ నడుము నుంచి తీసిన పట్టీ ఆ బీరువాలో ఉంది.

"సోమవారం బృందం వచ్చాకే సీలు తీసేది."

"బిడ్డ పోయి వారమైంది సార్. ఇంతవరకూ మీరు దాన్ని ఎందుకు తెరవలేదు?"

"ఆ పట్టీలో తప్పేమీ లేదు కాబట్టి."

"తెరవకుండానే తెలిసిందా?"

నలభై ఏళ్ళ మనిషి, పరీక్షలో పట్టుబడ్డ కుర్రాడిలా కనిపించాడు. "తెరిస్తే తప్పు నాదని తేలుతుందేమోనని" అన్నాడు చివరికి. తాళం తీశాడు.

పట్టీ కుట్లు విప్పి, వేలి గోరంత పెట్టె మూత తీసి, భూతద్దం కిందపెట్టాడు. కాసేపటికి అతని ముఖంలో భయం పోయి విస్మయం వచ్చింది.

"ఇది నా పని కాదు. చూడండి. పట్టీలో రేడియో ఉంటుంది, గుండె చప్పుడు వార్డు తెరకి పంపడానికి. దానికి నోరే గాని చెవులుండవు. ఎవరో దీనికి చెవులు పెట్టారు. ఇది మిగతా పట్టీల మాట వింటోంది. అవి దీని మాట వింటున్నాయి. అన్నీ కలిసి ఒకే లయ కొడుతున్నాయి."

"కొడితే?"

"బలహీనమైన గుండె ఒకటుంటే, బలమైనవి దాన్ని పైకి లాగుతాయి. కొన్నాళ్ళు." ఆగాడు. "తర్వాత అది వాటిని కిందికి లాగుతుంది. గుర్మీత్ బిడ్డ..."

శ్రావణంతో సన్నటి తీగల కట్ట పైకెత్తాడు. తీగల్ని మైనం పట్టించిన దారంతో, వేలెడు దూరానికొక ముడి వేసి, పొందిగ్గా కట్టారెవరో. "మా ల్యాబులో ఎవరూ ఇలా కట్టరు, ప్లాస్టిక్ బిగింపులు వాడతాం. ఇది సిగ్నల్స్ వాళ్ళ కట్టు. చలికి ప్లాస్టిక్ విరిగిపోతుందని వాళ్ళు దారమే వాడతారు. కానీ వాళ్ళ యూనిట్ ఎక్కడో పైనుంది. ఇక్కడికి సిగ్నల్స్ వాడెవడు వచ్చాడు?"

హైమ ఆ ముడుల మీదినుంచి చూపు తిప్పుకుంది.

"నాకు తెలుసు" అన్న మాట వెనకనుంచి వినిపించింది. కర్నల్ చావలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. "అమ్మాయ్, నీకు ముందే చెప్పాల్సింది. మీ అక్కయ్య బిడ్డ గుండెలో లోపం ఉంది. స్కానింగులో చూశాను. పట్టీ ఒక్కటే దాన్ని నెలలు నిండేదాకా నిలబెట్టలేదని మీ బావకి చెప్పాను. ముందే ఆపరేషన్ చేసి తీద్దామన్నాను, బతికే అవకాశం సగమేనన్నాను. ఆలోచించుకుంటానన్నాడు. మీ ఇద్దరికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాడు. కానీ ఇలా చేస్తాడని..."

బల్ల మీది ఫోను మోగింది. టండన్ ఎత్తాడు. అవతల ఏలియమ్మ గొంతు గదంతా వినిపించింది: "నాలుగూ పడిపోతున్నాయి! ఈసారి లేవడం లేదు. త్వరగా రండి!"

"నలుగురి పట్టీలూ విప్పేయమనండి" అన్నాడు కర్నల్.

"వద్దు సార్! పడుతున్నవాణ్ణి పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టవుతుంది. లాగుతున్నది ఏదో దాన్ని తెంపాలి. అప్పుడు మిగతా నాలుగూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి. ఐదింట్లో మూలం ఏదో తెలియాలి. లోపమున్న గుండే అయ్యుండాలని లేదు, అలిసిపోయింది ఏదైనా కావచ్చు. తప్పుది తెంపితే అన్నీ పోతాయి. కనిపెట్టడానికి టైము లేదు."

కనిపెట్టాల్సిన పని లేదు. హైమకి తెలుసు. ఆ గొట్టంతో విన్నది ఆమె ఒక్కతే. కర్నల్, మేజర్ ఊహించగలరేమో గాని ఖాయంగా చెప్పలేరు. నోరు మెదపకపోతే ఎవరూ తనని తప్పు పట్టలేరు. అక్క ముఖం కళ్ళముందు నిలిచింది. తనకి తల దువ్విన చేతులు కనిపించాయి. ఆ పట్టీ విప్పితే లోపలి ప్రాణం ఒంటరిదైపోతుంది.

"మా అక్కది" అంది. "థియేటర్ సిద్ధం చేయండి సార్. అంబులెన్స్ మా ఇంటికి పంపండి."

అప్పటికే పరుగెత్తుతోంది.

*

తలుపు తోసేసరికి మంచం పక్కన సింహాద్రి ఉన్నాడు. పాలక్యాను ఇంకా చేతిలోనే ఉంది. హైమ ఆయాసం చూశాడు, ఆమె చూపు పట్టీ మీద ఉండటం చూశాడు. క్యాను కిందపెట్టి, మంచానికీ ఆమెకీ మధ్యకి వచ్చాడు.

"తియ్యకు" అన్నాడు.

ఏం తియ్యొద్దో హైమ ఇంకా చెప్పనేలేదు.

"బావా, అక్కడ నలుగురు..."

"తెలుసు. తియ్యకు హైమా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మంగవేణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏటి తియ్యడం? ఏటిది, ఇద్దరూ..."

హైమ నిటారుగా నిలబడింది. "హవల్దార్ సింహాద్రి," అంది హిందీలో, కవాతు మైదానంలో పిలిచినట్టు, "పక్కకి జరుగు!"

పదిహేనేళ్ళు ఆజ్ఞలు విన్న ఒళ్ళు. మనసు ఒప్పుకునేలోపే అతని కాళ్ళు ఒకడుగు పక్కకి జరిగాయి. జరిగాక గానీ తను జరిగినట్టు అతనికి తెలియలేదు.

హైమ వంగి పట్టీ బిగింపులు విప్పింది. చెయ్యి అక్క పొట్ట మీద ఆనించి ఉంచింది. "అక్కా, బిడ్డని ఇప్పుడే బయటికి తీయాలి. నన్ను నమ్ము."

"నిన్ను నమ్మక ఎవర్ని నమ్ముతానే" అంది మంగవేణి. "నాకు బాగులేదేటి, దానికి బాగులేదేటి? అది సెప్పు."

"దానికి."

మంగవేణి చెల్లెలి మెడ చుట్టూ చెయ్యి వేసి లేచింది. బయట అంబులెన్స్ హారన్ మోగింది.

వార్డులో నాలుగు గీతలూ కొండెక్కుతున్న బళ్ళలా ఒక్కొక్కటే పైకి లేచాయని, థియేటర్ బయట హైమ చేతులు కడుక్కుంటుండగా ఏలియమ్మ వచ్చి చెప్పింది. చెప్పి, హైమ భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను అనుమానించాను మోళే" అంది, కూతుర్ని పిలిచినట్టు తన మలయాళంలో. హైమ తల ఊపింది. ఆ మాట వినే ఓపిక లేదు.

ఆడపిల్ల. కర్నల్ చేతుల్లోకి వచ్చినప్పుడు నీలంగా ఉంది, ఏడవలేదు. హైమ అందుకుని తుడిచింది, వీపు నిమిరింది, ఊపిరి అందించింది. చాలాసేపటికి ఒక సన్నటి మూలుగు వినిపించింది. గాజుపెట్టెలో పడుకోబెట్టాక కర్నల్, "రేపు పొద్దున్న హెలికాప్టర్లో గుండె ఆసుపత్రికి పంపిద్దాం. రాత్రి గడిస్తే ఆశ ఉంది" అన్నాడు.

హైమ బయటికి వచ్చింది. నడవాలో మేజర్ టండన్, ఏలియమ్మ నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఎదురుగా, గోడకి ఆనుకోకుండా, సింహాద్రి. అతన్ని ఎవరూ పట్టుకోలేదు. ఎక్కడికీ పోయే మనిషిలా కూడా లేడు.

"ప్రాణంతో ఉంది" అంది హైమ. "అక్క కూడా. ఇప్పుడు చెప్పండి."

అతను అటెన్షన్‌లోకి వచ్చాడు. మొదటి మాట హిందీలో అందామనుకున్నాడు, రాలేదు.

"నానే మేడమ్. కలిపింది నానే. నాకెవరూ సెప్పనేదు, ఎవరూ సాయం సెయ్యనేదు. తెరలు బాగుసేస్తానని వార్డుకెళ్ళేవోడిని కదా, సార్జింగు కోసం పట్టీలు విప్పి బల్ల మీద పెట్టినప్పుడు ఒక్కోరోజు ఒక్కోటి తెరిసి సేసినాను. ఒక్క పట్టీ సాలదని కర్నల్ సాబు అన్నారు. ఒకటి సాలకపోతే అన్నీ కలిస్తే సాలతాయి కదా అనుకున్నాను. పైన మంచులో మేం అలాగే నడుస్తాం. అందరం ఒక్క తాడుకి నడుములు కట్టుకుని. ఒకడు లోయలోకి జారితే మిగిలినోళ్ళు కాళ్ళు నిలదొక్కుకుని లాగుతారు. నన్ను అలాగే లాగినారు ఒకపాలి. నా పిల్లని కూడా అలాగే లాగుతారనుకున్నాను. లాగినారు కూడాను.

"గుర్మీత్ బిడ్డ పోయినప్పుడు అదేదో వేరే జబ్బులే అనుకున్నాను. కాదు, అబద్ధం. అలా అనుకోడానికి సూసినాను. ఆ రోజే తెలిసిపోనాది నాకు. ఆ రోజే తెంపీవొచ్చు. తెంపితే నా పిల్ల పోతాది. రోజూ రేపు తెంపుదాం, రేపు తెంపుదాం అనుకున్నాను. గుర్మీత్ వెళ్ళిపోతంటే ఆవిడ ట్రంకుపెట్టె జీపులోకి ఎక్కించింది నానే. 'భయ్యా, నీకు పండులాంటి బిడ్డ పుట్టాలి' అని దీవించి వెళ్ళింది.

"మీరు నన్ను ఏ కోర్టులో నిలబెట్టినా ఇదే సెప్తాను. తాడు కట్టేముందు మాకో పద్ధతుంది మేడమ్. కమాండరు ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చి అడుగుతాడు, పక్కవోడి బరువు మోస్తావా అని. మోస్తానని నోటితో అన్నోడికే ముడి వేస్తారు. మొయ్యలేనంటే తప్పు పట్టరు, ఆణ్ణి కిందే ఉంచి వెళ్తారు. అది మొదటిరోజే నేర్పుతారు మాకు. నాను ఆ తల్లుల్ని అడగనేదు హైమా. అడిగితే ఒక్కరైనా కాదంటారని భయమేసి, అడక్కుండానే ముడి వేసీసినాను."